నవ్వించే కళ: తెలుగు హాస్యనటులు తమ పనిని ఎలా చూశారు?

తెలుగులో హాస్యం మీద రాసినవాళ్లకు కొదవ లేదు. అయితే ఆ రాతల్లో ఎక్కువ భాగం రచనలోని హాస్యం గురించే. గిరీశాన్ని గురజాడ ఎలా మలిచారో, గణపతిని చిలకమర్తి, పార్వతీశాన్ని మొక్కపాటి ఎలా నడిపించారో విమర్శకులు తరచి తరచి చెప్పారు. అదే గిరీశం వేషం కట్టి జనాన్ని నవ్వించిన నటుడు ఏం చేశాడన్నది మాత్రం మెచ్చుకోలు దగ్గరే ఆగిపోయింది. సినిమా హాస్యం విషయంలో చర్చ ఇంకా పలచన. ఒక పేరు, దాని పక్కన ఒక ఊతపదం, రెండు మూడు సన్నివేశాల జ్ఞాపకం, అంతటితో సరి.

నటులు మాత్రం తమ పని గురించి మాట్లాడుతూనే వచ్చారు. ఇంటర్వ్యూల్లో, సన్మాన సభల్లో, ఆత్మకథల్లో వాళ్లు చెప్పినవన్నీ పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి పొసగవు. హాస్యం పుట్టుకతో రావాలని ఒకరంటే, అదంతా సాధనేనని ఇంకొకరంటారు. రాసిచ్చిన మాటలోనే నవ్వు ఉందని ఒకరు, అదే మాట ఇంకొకడు చెబితే చప్పగా ఉంటుందని మరొకరు. ముఖమే ముఖ్యమని కొందరు, ముఖం కదిలించకపోవడమే ముఖ్యమని కొందరు.

ఈ వాదాలను వాటి వాటి చోట్ల పెట్టి చూడడం ఈ వ్యాసం పని. ఏ నటుడు ఎక్కడ నవ్వించడం నేర్చుకున్నాడో తెలిస్తే అతని సిద్ధాంతం సగం అర్థమవుతుందని నా అభిప్రాయం. పందిట్లో నేర్చినవాడికి ఒకటి నిజం, రేడియో మైకు ముందు నేర్చినవాడికి మరొకటి, కెమెరా ముందు కుదురుకున్నవాడికి ఇంకొకటి. పైకి కనిపించే వైరుధ్యాల్లో చాలావరకు ఇలా విడిపోతాయి. విడిపోనివీ ఉన్నాయి. వాటి దగ్గరికి చివర వద్దాం.

శాస్త్రంలో, ఊరి ఆటలో

భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం హాస్యరసానికి హాసం స్థాయీభావమని చెబుతుంది. వికృతమైన వేషం, సిగ్గులేనితనం, అత్యాశ, పొంతన లేని మాటలు, అవయవలోపం కనబడడం లాంటివి దానికి విభావాలు. స్మితం మొదలు అతిహసితం దాకా నవ్వుకు ఆరు మెట్లు కట్టి, మొదటి రెండూ ఉత్తములకు, నడిమివి మధ్యములకు, చివరివి అధములకు కేటాయించింది. నటుడికి ఎక్కువ పనికొచ్చే విభజన వేరే ఉంది. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివారిని నవ్విస్తే పరస్థం. నవ్వించేవాడు తాను నవ్వవచ్చా అని ఇవాళ్టికీ నడుస్తున్న వాదానికి ఇంత పాత చరిత్ర ఉంది. ఈ రసం స్త్రీలలోనూ నీచపాత్రల్లోనూ ఎక్కువగా కనిపిస్తుందని కూడా అదే శాస్త్రం అంటుంది. హాస్యగాడికి కథలో రెండో పంక్తి వేసే అలవాటు వెనక ఈ చూపు ఉంది, అది ఇంకా పూర్తిగా పోలేదు.

ఊరి ఆటలకు ఆ మెట్లతో పని పడలేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు రామాయణ భారత కథల మధ్యలోకి ఏ సంబంధమూ లేకుండా చొరబడతారు. తెల్లవార్లూ సాగే ఆటలో కునికిపాట్లు పడుతున్న జనాన్ని లేపడం వాళ్ల బాధ్యత. అందుకోసం బొమ్మలాడించేవాడు ఆ ఊరి సంగతుల్ని ముందే చెవిన వేసుకుని, తెర వెనక నుంచి అప్పటికప్పుడు మాట అల్లుతాడు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. హాస్యపు వంత ఎగతాళిగా ఒక ప్రశ్న వేసినప్పుడు కథకుడు ఊపిరి తీసుకుంటాడు, కథలో వెనకబడ్డ శ్రోతకు జారిపోయిన ముక్క మళ్లీ అందుతుంది. అక్కడ నవ్వు ఒక అలంకారంగా ఉండదు, ప్రదర్శన నడవడానికి కావలసిన పనిముట్టుగా ఉంటుంది.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగిని కూడా ఈ వరసలోనే చెప్పుకోవాలి. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడానికి సంబంధం లేని ప్రశ్న విసరడం అతని పని. తడుముకోకుండా చమత్కారంగా దాన్ని తిప్పికొట్టడం అవధాని పని. జవాబు ఎంత గొప్పదైనా రెండు క్షణాలు ఆలస్యమైతే సభ నవ్వదు. టైమింగ్ అనే మాట తెలుగు నటుల నోట వినపడడానికి చాలా ముందే ఆ పరీక్ష మన సభల్లో జరుగుతూ వచ్చింది.

ఈ మూడింటిలోనూ జనం ఎదురుగా ఉంటారు. నవ్వు వస్తే వెంటనే వినపడుతుంది, రాకపోయినా వెంటనే తెలిసిపోతుంది. జనమే కొలబద్ద అన్నది తెలుగు హాస్యనటుడి మొదటి సిద్ధాంతం.

ఒంటితో నవ్వించినవాళ్లు

1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కిన రేలంగి వెంకట్రామయ్యకు నాటకాల పునాది ఉంది. మైకులు సరిగ్గా లేని రోజుల్లో పందిరి చివర నేలమీద కూర్చున్న మనిషి దాకా వేషం అందాలంటే నడక, చేతులు, నిలబడే తీరు పెద్దవిగా ఉండాలి. ఆ శరీరభాషను రేలంగి సినిమాకు తెచ్చి, తెరకు తగినట్టు కుదించారు. ‘మాయాబజార్’ (1957)లో ఆయన లక్ష్మణ కుమారుడు చూడండి. రాజకుమారుడి ఠీవి అంతా ఉంటుంది, దాని లోపల ఉండాల్సిన ధైర్యం ఒక్కటే ఉండదు. ఆ డొల్లతనం మాటల కంటే ముందు ఆయన భుజాల్లో కనిపిస్తుంది. అదే చిత్రంలో చిన్నమయగా వేసిన రమణారెడ్డి బక్కపలచని మనిషి. పొడుగాటి చేతులు, ఎముకలు తేలిన ముఖం, నెల్లూరు పలుకు ఆయన పెట్టుబడి. ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడితే సన్నివేశం మొదలు కాకముందే హాలు నవ్వేది.

ఆ తర్వాత వచ్చిన రాజబాబు ఈ దారికి వేగం జోడించారు. మెడ, నడుము, మోకాళ్లు దేనికదే స్వతంత్రంగా కదిలే ఆ నటనను అనుకరించబోయినవాళ్లు చాలామంది అలసిపోయారు. అల్లు రామలింగయ్య నడకలోనూ గొంతు విరుపులోనూ అదే పని చేశారు. వీళ్ల నటన చెప్పే సూత్రం ఒక్కటే: కథ ఏదైనా, మాట ఏదైనా, నటుడు అడుగుపెట్టగానే జనంలో కదలిక రావాలి.

ఈ పద్ధతి బలం కాలానికీ భాషకూ లొంగకపోవడం. బ్రహ్మానందం ముఖకవళికలు శబ్దం లేకుండా, ఒక నిశ్చల చిత్రంగా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతూ తెలుగు రాని వాళ్లను కూడా నవ్విస్తున్నాయంటే ఒంటి హాస్యానికి ఇంకేం సాక్ష్యం కావాలి? బలహీనత కూడా అక్కడే ఉంది. మేనరిజం ఒకసారి పండితే ప్రతి నిర్మాతా అదే అడుగుతాడు. పైగా రేలంగి, రాజబాబుల కాలంలో హాస్యం ప్రధాన కథకు సమాంతరంగా నడిచే కామెడీ ట్రాక్. నాయకుడి కథ ముందుకు సాగడానికి హాస్యనటుడితో పెద్దగా అవసరం ఉండేది కాదు. ఈ ఇరుకు నుంచి బయటపడాలనుకున్నవాళ్లలో కొందరు స్వయంగా నిర్మాతలయ్యారు, కొందరు ప్రధాన పాత్రల వైపు మళ్లారు. పద్మనాభం 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ తీసి తానే నాయకుడయ్యారు. రాజబాబు ‘తాత మనవడు’లో ఎస్వీ రంగారావు పక్కన ప్రధాన పాత్ర చేశారు. ఒంటితో నవ్వించే కళ ఎంత గొప్పదో తెలిసినవాళ్లే దాని హద్దులనూ ముందుగా గుర్తించారు.

మాటే పెట్టుబడి

రెండో దారి రచయితల నుంచి వచ్చింది. పింగళి నాగేంద్రరావు, ముళ్లపూడి వెంకటరమణ మాటలు పలకడానికి నటుడు ఒంటిని కొంత అదుపులో పెట్టుకోవలసి వచ్చేది. ఆ దారిని పూర్తిస్థాయి పద్ధతిగా మార్చింది జంధ్యాల. నాటక రచయితగా మొదలైన ఆయన ప్రతి పాత్రకూ ఒక పిచ్చి తగిలించి, ఆ పిచ్చికి తగిన భాష కట్టారు. ‘నాలుగు స్తంభాలాట’ (1982)తో వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ‘సుత్తి’ ఇంటిపేరైపోయింది.

సుత్తి వీరభద్రరావు విజయవాడ ఆకాశవాణి నుంచి వచ్చిన మనిషి కావడం ఇక్కడ కీలకం. రేడియోలో ముఖం పనికిరాదు. మాట ఎక్కడ పరిగెత్తాలి, ఎక్కడ ఆగాలి, ఏ అక్షరం మీద బరువు పడాలి అన్నదే నటన. జంధ్యాల రాసిన పొడుగాటి వాక్యాల్ని, తిట్ల దండకాల్ని ఆయన ఒకే ఊపిరిలో లాగి, చివరి పదం ముందు చిన్న విరామం ఇచ్చేవారు. నవ్వు ఆ విరామంలో పుట్టేది. సుత్తి వేలు ఇందుకు ఎదురు కొస, సన్నటి గొంతుతో బెదిరిపోతూ మాట్లాడతారు. ఇద్దరి గొంతులూ కలిస్తే కళ్లు మూసుకుని విన్నా సన్నివేశం అర్థమవుతుంది. సినిమా కథ చెప్పమంటే సెన్సారు సర్టిఫికెట్టు దగ్గర మొదలుపెట్టే ఇల్లాలి పాత్రలో శ్రీలక్ష్మి చేసింది కూడా ఇదే బడి నటన. అక్కడ నవ్వు ఏ ఒక్క మాటలోనూ లేదు, ఆగకుండా సాగే ఆ ధోరణిలో ఉంది.

ఈ బడి నటులు రచయితకు పెద్దపీట వేస్తారు. రాసిన మాటను చెడగొట్టకుండా చెబితే చాలన్న వినయం వాళ్లలో కనిపిస్తుంది. ఆ వినయాన్ని పూర్తిగా నమ్మడం కష్టం. అదే పేజీ మరొకరి చేతికిస్తే అలా పండదని జంధ్యాలకూ తెలుసు. ఆయన మళ్లీ మళ్లీ అదే బృందంతో పని చేయడానికి కారణం అదే అయివుండాలి.

నవ్వని ముఖం

మూడో బడి అన్నింటికంటే తక్కువగా చర్చకు వచ్చింది, నా లెక్కలో అన్నింటికంటే లోతైనది. పాత్రకు తాను నవ్వు తెప్పిస్తున్నానని తెలియకూడదు అన్నది దీని సూత్రం.

‘అహ నా పెళ్ళంట!’ (1987)లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి దీనికి నిండైన ఉదాహరణ. కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశం తెలియని తెలుగువాడు అరుదు. కోట అక్కడ ఒక్క హాస్యపు చేష్ట కూడా చేయడు. ముద్ద కలపడం, కోడి వైపు చూడడం, నోట్లో పెట్టుకోవడం, నమలడం అన్నీ రోజూ చేసే పనిలా సాగుతాయి. కళ్లలో నిజమైన తృప్తి. లక్ష్మీపతికి అది పొదుపు, అందులో వింత ఏముందో అతనికి తెలియదు. భరతుడు చెప్పిన అత్యాశ అనే విభావం ఇంత నిఖార్సుగా తెర మీద మరెక్కడా కనిపించదేమో. ఇదే నటుడు రెండేళ్ల ముందు ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్యగా భయపెట్టాడు. రెండు పాత్రల వెనక ఉన్న పద్ధతి ఒక్కటే, తాను చేస్తున్నది న్యాయమని పాత్ర నమ్మడం.

సూర్యకాంతం గయ్యాళితనం నవ్వు తెప్పించడానికి కారణం కూడా ఆ నమ్మకమే. ‘గుండమ్మ కథ’ (1962)లో ఆమె కోపం నిజం కోపం. హాస్యనటి అన్న ముద్ర లేకుండానే ఆమె ఎన్ని దశాబ్దాలు నవ్వించారో చూస్తే, హాస్యనటన అనే విడి పెట్టె అవసరమా అన్న అనుమానం కలుగుతుంది. ఈ బడివాళ్ల జవాబు అవసరం లేదనే: మంచి నటన ఉంది, కథలో అది నవ్వుల చోట పడితే హాస్యం అవుతుంది.

ఆత్మస్థం, పరస్థం అన్న పాత విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒంటి బడి నటుడు జనంతో కలిసి కొంత ఆనందిస్తాడు, ఆ ఆనందం అంటుకుంటుంది. కోట పద్ధతిలో నటుడు నవ్వితే పాత్ర చచ్చిపోతుంది. రెండూ నిజాలే. మొదటిది ఎదుట జనం ఉన్నచోట పుట్టింది, రెండోది ముఖాన్ని దగ్గరగా చూపే తెర మీద పదునెక్కింది.

నిశ్శబ్దంలో టైమింగ్

సినిమా హాస్యనటుడికి ఉన్న విచిత్రమైన కష్టం, సెట్లో ఎవరూ నవ్వకూడదు. టేకు నడుస్తుండగా లైట్‌బాయ్ నవ్వినా షాటు పాడవుతుంది. నాటకంలో నవ్వు ఆగేదాకా ఆగి తర్వాతి మాట అందుకున్నవాడు, ఇక్కడ ఆరు నెలల తర్వాత హాల్లో ఎంతసేపు నవ్వుతారో ఊహించుకుని ఆగాలి. తక్కువ ఆగితే తర్వాతి డైలాగు నవ్వులో మునిగిపోతుంది, ఎక్కువ ఆగితే సన్నివేశం చల్లబడుతుంది.

ఈ ఊహలో బ్రహ్మానందాన్ని మించినవాళ్లు అరుదు. ఆయన నేర్పు మాటలో కంటే మాట విన్న తర్వాతి రియాక్షన్‌లో ఉంది. ‘అహ నా పెళ్ళంట!’లో అరగుండుగా లక్ష్మీపతి ముందు వినయంగా వంగి నిలబడుతూ లోలోపల శాపనార్థాలు పెట్టే ఆ ద్వంద్వం ఆయన తర్వాతి మూడు దశాబ్దాల నటనకు పునాది. ‘ఢీ’ (2007), ‘రెడీ’ (2008), ‘దూకుడు’ (2011) లాంటి చిత్రాల్లో నాయకుడు ఆయనను బురిడీ కొట్టిస్తుంటే, మోసపోయిన క్షణం ఆ ముఖం మీద దశలు దశలుగా అర్థమవుతూ వస్తుంది. అయితే టైమింగ్ ఘనత అంతా నటుడిదేనా? క్లోజప్‌ను ఎంతసేపు ఉంచాలో తేల్చేది ఎడిటరు. ఈ వాటా ఎంతన్నది ఎవరూ తేల్చలేదు, బహుశా తేల్చలేరు.

టీవీ ఈ లెక్కను తలకిందులు చేసింది. ‘అమృతం’ ధారావాహిక సినిమా పద్ధతికి దగ్గర. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ మాత్రం నటుడికి మళ్లీ ఎదుటి నవ్వును ఇచ్చింది, న్యాయనిర్ణేతల నవ్వుతో సహా. పంచ్ మీద పంచ్ పడే ఆ స్కిట్లు అప్రస్తుత ప్రసంగానికీ వీధి వేషాలకూ దూరపు చుట్టాలు. ఎన్నో కొత్త ముఖాలకు అవి అన్నం పెట్టాయి. వారం వారం స్కిట్ రాసి ఆడాల్సిన ఒత్తిడిలో పాత్ర అన్నదానికి చోటు మిగలలేదు, పంచ్ ఒక్కటే మిగిలింది. హైదరాబాదులో, ప్రవాస తెలుగువారి మధ్య పెరుగుతున్న స్టాండప్‌లో వేషం కూడా లేదు. నటుడే రచయిత, తన పేరుతోనే నిలబడతాడు, విఫలమైతే పక్కకు తప్పుకోవడానికి పాత్ర అడ్డు ఉండదు.

ఇంతవరకు వచ్చిన వాదాలను పక్కపక్కన పెడితే తేడాలు తేటపడతాయి. పందిరి నటుడికి కొలబద్ద జనం, రేడియో నటుడికి లయ, కోట తరహా నటుడికి పాత్ర నిజాయితీ, కెమెరా నటుడికి ఊహించిన నవ్వు. ఒంటి బడికి రచయిత సాయం, మాటల బడికి రచయితే యజమాని, స్టాండప్‌లో ఆ తేడాయే లేదు. ఎవరు ఒప్పు అని అడగడం కంటే ఏ వేదికకు ఎవరు ఒప్పు అని అడగడం మంచిది.

నేర్పితే వస్తుందా?

పుట్టుకే అనేవాళ్ల దగ్గర బలమైన వాదం ఒకటుంది. తెలుగులో పెద్ద హాస్యనటుల్లో నటనా శిక్షణాలయం నుంచి వచ్చినవాళ్లు తక్కువ. కానీ శిక్షణాలయం లేనంత మాత్రాన శిక్షణ లేదనలేం. బ్రహ్మానందం, ఎమ్మెస్ నారాయణ ఇద్దరూ తెలుగు అధ్యాపకులు. చివరి బెంచీ కుర్రాడి దృష్టిని గంటసేపు పట్టి ఉంచడం కంటే కఠినమైన అభ్యాసం ఏముంటుంది? ఏవీఎస్ పత్రికా రచయిత. వేణుమాధవ్ మిమిక్రీ వేదికల మీద రాటుదేలాడు. పరిషత్తు పోటీల్లో హాస్యనాటికలు ఆడి ఊరూరా తిరిగినవాళ్లు మరెందరో.

కాబట్టి శిక్షణ ఉంది, దానికి పాఠ్యక్రమం లేదు. ఉచ్చారణ, ఊపిరి పట్టడం, విరామం, అనుకరణ నేర్పగలిగినవే. ఏది నవ్వు తెప్పిస్తుందో పసిగట్టే చూపు నేర్పగలమా అన్నది మాత్రం తేలలేదు. పరిశీలనతో వస్తుందని సాధనవాదులు అంటారు. పరిశీలించాలన్న తహతహ ఎక్కడి నుంచి వస్తుందని రెండోవాళ్లు అడుగుతారు. ఈ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

ఎవరిని చూసి నవ్వాలి?

అసలు ముడి ఇక్కడుంది. అవయవలోపాన్ని శాస్త్రమే విభావంగా చెప్పింది. నత్తి, నలుపు, లావు, ఎత్తు తక్కువ కావడం మన తెర మీద దశాబ్దాల పాటు తేలికగా నవ్వు పుట్టించే సరుకులయ్యాయి. ఆ పాత్రలు వేసిన నటుల్లో కొందరికి అదే బతుకుతెరువు. తమ శరీరాన్ని తామే హాస్యానికి వాడుకునే హక్కు తమకుందని వాళ్లంటే కాదనడం సులువు కాదు. పక్కవాడి శరీరాన్ని వాడుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఈ తేడాను మన స్కిట్లు తరచుగా చెరిపేస్తున్నాయి.

కులం సంగతి ఇంకా జటిలం. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ సంస్కరణ కోసం రాసిన నాటకం. అందులోని సుబ్బిశెట్టి పాత్రను వేదిక మీద నటులు తరతరాలుగా సొంత మాటలతో పెంచుకుంటూ పోయారు. ఆర్యవైశ్యుల అభ్యంతరాల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. అప్పటికప్పుడు మాట అల్లే స్వేచ్ఛ మన హాస్యానికి ప్రాణమని తోలుబొమ్మలాట దగ్గర చెప్పుకున్నాం. ఆ స్వేచ్ఛ ఒక కులాన్ని కించపరిచేదాకా పోవచ్చని ఇక్కడ చూస్తాం. నిషేధం సరైన మందు కాదని నా అభిప్రాయం, అది రచనకూ పెడధోరణికీ తేడా చూడలేదు. నటులు తమ వంతు సంయమనం పాటించలేదన్న నింద మాత్రం నిజమే.

యాస విషయంలో మాత్రం ఊరట ఉంది. తెలంగాణ యాస దశాబ్దాల పాటు తెర మీద విలన్ల పక్కన, కమెడియన్ల పక్కన ఉండిపోయింది. ‘పెళ్ళిచూపులు’ (2016)లో ప్రియదర్శి ఆ యాసలోనే జనాన్ని నవ్వించాడు, కాని అక్కడ జనం నవ్వింది యాసను చూసి కాదు, ఆ కుర్రాడి తిక్కను చూసి. ‘బలగం’ (2023) చావింట్లో పుట్టే నవ్వును కూడా ఆ భాషలోనే చూపింది. చట్టం ఏదీ అక్కర లేకుండా, మంచి రచన, మంచి నటన ఒక పాత అన్యాయాన్ని సరిదిద్దిన సందర్భమిది. ఉత్తరాంధ్ర పలుకుకు ఆ న్యాయం ఇంకా అందలేదు.

మిగిలిపోయినవి

స్త్రీల హాస్యం గురించి ఈ చర్చలో దాదాపు మౌనమే. గిరిజ, రమాప్రభ, శ్రీలక్ష్మి, కోవై సరళ తమ కళ గురించి ఏమనుకున్నారన్నది పురుష నటుల మాటలంత వివరంగా నమోదు కాలేదు. వాళ్లను జంటలో రెండో సగంగానే చూశాం. సురభి నాటక సమాజాల్లో ఆడవాళ్లే ఆడవేషాలు కట్టే సంప్రదాయం ఉన్న తెలుగు నేల మీద, ఇవాళ టీవీ స్కిట్లలో ఆడవేషం మగవాళ్ల చేతికి పోవడం వెనకడుగే.

గౌరవం సంగతి కొంత మెరుగు. రేలంగికి 1970లో, అల్లు రామలింగయ్యకు 1990లో, బ్రహ్మానందానికి 2009లో పద్మశ్రీ వచ్చింది. ‘రంగమార్తాండ’ (2023)లో బ్రహ్మానందం ఏడిపించినప్పుడు ఆయనలోని నటుణ్ణి ఇప్పుడే చూశామని చాలామంది అన్నారు. ఆ మెచ్చుకోలు నాకు నచ్చలేదు. నవ్వించిన ముప్పై అయిదేళ్లూ ఆయన చేసింది నటన కాదా?

సుత్తి జంట, జంధ్యాల, ఏవీఎస్, ధర్మవరపు సుబ్రహ్మణ్యం, ఎమ్మెస్ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025 జులైలో కోట కూడా వెళ్లిపోయారు. వాళ్ల సినిమాలు మన దగ్గర ఉన్నాయి, వాళ్ల పనితనం గురించిన మాటలు మాత్రం చెల్లాచెదురుగా పడివున్నాయి. రమాప్రభ, శ్రీలక్ష్మి, బ్రహ్మానందం, రాజేంద్రప్రసాద్, అలీ మన మధ్యే ఉన్నారు. జ్ఞాపకాల కోసం కాకుండా, ఫలానా విరామం ఎందుకిచ్చారు, ఆ చూపు అటు ఎందుకు తిప్పారు, ఏ టేకులో ఏం మార్చారు అని సన్నివేశం పక్కన పెట్టుకుని అడిగి రికార్డు చేయాలి. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు, తెలుగు విశ్వవిద్యాలయం ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.